రోడ్డు మీద సర్దుకుపోవడం ఎవరి వంతు?

ప్రతి జనవరిలోనూ రోడ్డు భద్రతా వారోత్సవాలు జరుగుతాయి. ఈమధ్య అవి మాసోత్సవాలయ్యాయి. కూడళ్ళలో ఫ్లెక్సీలు కడతారు, బడిపిల్లలతో ర్యాలీలు తీస్తారు, ప్రతిజ్ఞలు చేయిస్తారు. వీటన్నిటిలో వినిపించే మాట ఒకటే: రోడ్డు అందరిదీ, దాన్ని మనం కలిసి పంచుకోవాలి. సైకిలు తొక్కేవాళ్ళు క్రమశిక్షణ పాటించాలి, కార్లు నడిపేవాళ్ళు ఓర్పు వహించాలి. తప్పులు ఇద్దరిలోనూ ఉన్నాయి గనుక ఇద్దరూ కాస్త సర్దుకుంటే ప్రమాదాలు తగ్గుతాయి.

ఈ ధోరణి మనకు కొత్తది కాదు. కుటుంబ సలహా కేంద్రాల్లో పనిచేసిన వాళ్ళెవరికైనా ఇది వెంటనే గుర్తుకొస్తుంది. దెబ్బలు తిని వచ్చిన మనిషినీ, కొట్టిన మనిషినీ పక్కపక్కన కూర్చోబెట్టి "సంసారమన్నాక ఇద్దరూ సర్దుకోవాలి" అని చెప్పి పంపించే పద్ధతి అది. ఇద్దరినీ సమానంగా చూస్తున్నట్టే ఉంటుంది. కానీ దెబ్బలు పడేది ఒక్కరి మీదే. సర్దుకోకపోతే ఒకరికి కాస్త చిరాకు కలుగుతుంది, ఇంకొకరికి ఎముకలు విరుగుతాయి. అలాంటి ఇద్దరికి ఒకే బాధ్యత పంచిపెట్టడం న్యాయం కాదని మనం 40 ఏళ్ళుగా ఇంటి విషయంలో వాదిస్తున్నాం. రోడ్డు విషయంలో కూడా అదే వాదన చెయ్యాలన్నది నా అభిప్రాయం.

సైకిళ్ళకీ స్త్రీల హక్కులకీ ఏమిటి సంబంధం అని కొందరు మిత్రులు అడగవచ్చు. రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్ళలో అత్యధికులు పురుషులే కదా అని కూడా అంటారు. నిజమే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద చనిపోయారు. వారిలో 32 వేల మందికి పైగా నడిచి వెళుతున్నవాళ్ళే. మొత్తం మరణాల్లో పదింటికి ఏడు అతివేగం ఖాతాలో ఉన్నాయి. స్త్రీల సంఖ్య ఇందులో తక్కువ. అయితే స్త్రీలు తక్కువగా చనిపోతున్నారంటే రోడ్డు వాళ్ళ పట్ల దయగా ఉందని కాదు. వాళ్ళు రోడ్డు మీదికి తక్కువగా వస్తున్నారు, వచ్చినా తక్కువ దూరం పోతున్నారు. చెరువులో దిగని మనిషి మునిగిపోలేదంటే ఆ చెరువు లోతు లేనిదని అర్థమా? పైగా ఆ చనిపోయిన, నడుములు విరిగిన పురుషుల వెనక మిగిలే ఇల్లు ఎవరి నెత్తిన పడుతుందో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పనక్కరలేదు.

2011 జనాభా లెక్కల్లో పనికి ఎలా వెళుతున్నారని అడిగారు. వ్యవసాయం, కుటుంబ పరిశ్రమలు మినహా ఇతర పనులు చేసే దాదాపు 20 కోట్ల మందిలో 2.6 కోట్ల మంది, అంటే నూటికి 13 మంది, సైకిలు మీద వెళుతున్నామన్నారు. కారులో వెళ్ళేవాళ్ళ కంటే వీళ్ళ సంఖ్య చాలా ఎక్కువ. హైదరాబాదులో వీళ్ళు ఎవరో తెల్లవారుజామున ఒక గంట వీధిలో నిలబడితే తెలుస్తుంది. పాలు, పేపరు వేసేవాళ్ళు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు, రంగులు వేసేవాళ్ళు, ఒరిస్సా, బీహారుల నుంచి వచ్చిన భవన నిర్మాణ కూలీలు, హ్యాండిల్‌కి ప్లాస్టిక్ బిందెలు వేలాడదీసుకుని అమ్మేవాళ్ళు. వీళ్ళు పర్యావరణాన్ని రక్షించడానికి తొక్కడం లేదు, ఒళ్ళు తగ్గడానికీ తొక్కడం లేదు. బస్సు టికెట్టు, పెట్రోలు డబ్బు మిగుల్తుందని తొక్కుతున్నారు. ఈ వరుసలో ఆడవాళ్ళు దాదాపు కనిపించరు. వాచ్‌మన్ సైకిలు మీద వెళతాడు. అతని భార్య నాలుగిళ్ళలో పని చేసుకోడానికి నడిచి వెళుతుంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. గంటసేపు నడిస్తే నాలుగైదు కిలోమీటర్లు పోతాం. అదే దూరం తాపీగా సైకిలు తొక్కితే ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఇళ్ళలో పనిచేసే మనిషికి, అంగన్‌వాడీ కార్యకర్తకి, ఆశా కార్యకర్తకి రోజుకు మిగిలే ఆ గంటా గంటన్నర సమయం ఏమిటో మనకు తెలుసు. స్త్రీల ప్రయాణం పురుషుల ప్రయాణంలాగా ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి ఒక గీతలా సాగదు. పిల్లని బడిలో దింపాలి, రేషను షాపు దగ్గర ఆగాలి, రెండిళ్ళలో పని ముగించాలి, అత్తగారి మందులు కొనాలి, మళ్ళీ పిల్లని తెచ్చుకోవాలి. స్పెయిన్ పరిశోధకురాలు ఇనెస్ సాంచెజ్ దె మదరియాగ వీటికి సంరక్షణ ప్రయాణాలని పేరు పెట్టి, రవాణా సర్వేలు వీటిని ముక్కలు ముక్కలుగా వేరే ఖాతాల్లో రాయడం వల్ల కనబడకుండా పోతున్నాయని చూపించింది. ఇలాంటి పొట్టి పొట్టి ప్రయాణాలకు సైకిలంత అనువైన వాహనం లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచీ వచ్చిన ఉచిత బస్సు ప్రయాణం స్త్రీలకు ఎంతో ఉపయోగపడుతోంది, దాన్ని ఎగతాళి చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. కానీ బస్సు బస్తీ సందులోకి రాదు, బస్టాపు నుంచి పనిచేసే ఇంటి గుమ్మం దాకా రాదు.

సైకిలు వచ్చా అని బస్తీల్లో అడిగితే, బడిలో ఉన్నప్పుడు తొక్కేదాన్నని చెప్పేవాళ్ళు చాలామంది. మరిప్పుడెందుకు తొక్కవు అంటే మొదట నవ్వుతారు, తర్వాత రెండు కారణాలు చెబుతారు. ఒకటి, ఈ రోడ్ల మీదా, చంపేస్తారు. రెండు, నలుగురూ నవ్వుతారు. నలుగురూ నవ్వడం గురించి మన ఉద్యమాలు చాలా మాట్లాడాయి. చంపేస్తారు అన్నదాని గురించి దాదాపు ఏమీ మాట్లాడలేదు.

నవ్వడాన్ని ఎలా ఎదుర్కోవచ్చో చూపించిన గొప్ప అనుభవం మన పక్క రాష్ట్రంలోనే ఉంది. 1991-92లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా స్త్రీలకు సైకిలు నేర్పారు. కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. ఏడాదిన్నరలో లక్షమందికి పైగా పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశారు. వ్యవసాయ కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, బాల్వాడీ టీచర్లు అందులో ఉన్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక చాలామంది మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారు. ముందున్న కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు గనుక అవే మేలని కూడా అన్నారు! ఏ నిపుణుడి డిజైనులోనూ ఈ ఆలోచన రాదు.

సరిగ్గా అదే కాలంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతులు దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమంగా మారాయి. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. రెండు జిల్లాల్లోనూ చదువు స్త్రీలను రోడ్డు మీదికి తెచ్చింది. ఒకచోట రోడ్డు మీద తిరగడానికి, ఒకచోట రోడ్డు పక్క దుకాణం మూయించడానికి. ఈ రెండూ వేర్వేరు కథలని అనుకుంటాం గానీ కావు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో తీర్పిచ్చింది. 2017లో ఆ దూరాన్ని చిన్న ఊళ్ళకు 220 మీటర్లకు తగ్గించి, నగరపాలక సంస్థల పరిధిని మినహాయించారు. అంటే సైకిళ్ళూ, పాదచారులూ ఎక్కువగా తిరిగే చోటనే మినహాయింపు! ఆ మినహాయింపు వచ్చినప్పుడు మనలో ఎంతమందిమి ప్రశ్నించాం?

పుదుక్కోట్టై తర్వాత ప్రభుత్వాలు సైకిలును ఆడపిల్లల చదువుకి ముడిపెట్టాయి. బీహారు 2006లో మొదలుపెట్టిన పథకం గురించి కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం ప్రసిద్ధం. హైస్కూల్లో ఆ వయసు ఆడపిల్లల చేరికలు దానివల్ల 32 శాతం పెరిగాయనీ, ఆడపిల్లలకీ మగపిల్లలకీ మధ్య తేడా 40 శాతం తగ్గిందనీ వాళ్ళు తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ "బడికొస్తా" పేరుతో ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. సంతోషమే. అయితే ఆ సైకిలు బడితోనే ఆగిపోతుంది. పదో తరగతి అయ్యాక అది తమ్ముడిదవుతుంది, లేదా గోడకి ఆనించి తుప్పు పడుతుంది. పెళ్ళయి నగరానికి వచ్చిన పిల్ల వెంట సారెలో అన్నీ వస్తాయి, సైకిలు మాత్రం రాదు. తెనాలి, భీమవరం లాంటి పట్టణాల్లో గుంపులు గుంపులుగా సైకిళ్ళ మీద ట్యూషన్లకు పోయిన మా తరం ఆడపిల్లల్లో చదువు సాగినవాళ్ళం స్కూటీల మీదికీ, తర్వాత కార్లలోకీ మారిపోయాం. సాగనివాళ్ళు నడకకి మారారు.

కనుక ఈ వ్యాసంలో డ్రైవర్లు అన్నప్పుడు ఎవరో మగవాళ్ళని మాత్రమే ఊహించుకోవద్దు. మన సంస్థల జీపులూ అందులో ఉన్నాయి. మీటింగుకి ఆలస్యమైందని "కొంచెం తొందరగా పోనీ బాబూ" అని ముందు సీట్లో కూర్చుని చెప్పేది మనమే.

అసలు ప్రమాదం ఎలా జరుగుతుందో చూద్దాం, ఎందుకంటే "నిర్లక్ష్యం" అన్న ఒక్క మాట కింద చాలా సంగతులు దాగిపోతున్నాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. డ్రైవరు చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపలే ఆ దూరం అయిపోతుంది. వేగం రెట్టింపైతే గుద్దులో ఉండే శక్తి నాలుగింతలవుతుంది, రెండింతలు కాదు. టన్నున్నర బరువు కారుకీ, మనిషితో కలిపి 70, 80 కిలోలుండే సైకిలుకీ మధ్య జరిగే దానిలో "పరస్పరం" అనేది ఏమీ లేదు.

మన నగరంలో సైకిలు మీద వెళ్ళేవాళ్ళకి అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు ఫ్రీ లెఫ్ట్. సైకిలు ఎడమవైపే పోవాలని నియమం. నేరుగా పోవలసిన సైకిలు కూడా ఎడమ అంచునే ఉంటుంది. కూడలి దగ్గర ఆగకుండా ఎడమకి తిరిగే బస్సో లారీయో దాని కుడిపక్కన వచ్చి, దాని ముందు నుంచి అడ్డంగా తిరుగుతుంది. బస్సు డ్రైవరు కుడివైపు, ఎత్తులో కూర్చుంటాడు. ఎడమ ముందు చక్రం పక్కన ఉన్న సైకిలు అతనికి కనిపించదు. దానికి తోడు, పొడుగు బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాలు వెళ్ళిన దారిన రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు భాగం తప్పుకుపోయింది కదా అని నిలబడ్డ మనిషి వెనక చక్రం కిందికి వెళ్ళిపోవడానికి కారణం ఇదే. సిగ్నలు దగ్గర బస్సు పక్కన, ఎడమవైపు ఎప్పుడూ ఆగకూడదు, దాని వెనకో, లేదా డ్రైవరుకి కనిపించేంత ముందో ఆగాలి. సైకిలు నేర్పే ప్రతి చోటా బ్యాలెన్సు కంటే ముందు ఈ మాట నేర్పాలి.

రెండోది కారు తలుపు. రోడ్డు పక్కన ఆపిన కారులోంచి డ్రైవరు వెనక చూడకుండా కుడి తలుపు తెరుస్తాడు. ఆ పక్కగా వచ్చే సైకిలు తలుపుకి గుద్దుకుని, మనిషి నడిరోడ్డు మీద, వెనక వచ్చే బండి ముందు పడుతుంది. దీనికి ఒక పైసా ఖర్చు లేని మార్గం ఉంది. తలుపుకి దగ్గరగా ఉన్న కుడిచేత్తో కాకుండా ఎడమచేత్తో తెరవాలి. అప్పుడు ఒళ్ళు దానంతటదే తిరిగి, కళ్ళు వెనక్కి చూస్తాయి. నెదర్లాండ్స్‌లో ఇది వాడుకగా ఉంది, బ్రిటన్ 2022లో తన రోడ్డు నియమావళిలో చేర్చుకుంది. ఎడమవైపు దిగే క్యాబ్ ప్రయాణికులూ ఇలాగే, కుడిచేత్తో తెరవాలి. మన ఆఫీసు బండిలో రేపటి నుంచి మొదలుపెట్టవచ్చు.

మూడోది దగ్గరగా రాసుకుంటూ దాటిపోవడం. ఇది సైకిలు మీద ఆడమనిషి ఉన్నప్పుడు వేరే రూపం తీసుకుంటుంది. వెనకనుంచి హారను మోగిస్తూ రావడం, పక్కన చేరి వేగం తగ్గించి ఏదో అనడం, భయపెట్టడానికి హ్యాండిలు దగ్గరగా బండి పోనివ్వడం. పోలీసుల లెక్కలో ఒకటి ట్రాఫిక్ విషయం, ఇంకొకటి ఈవ్‌టీజింగ్ అని వాళ్ళింకా పిలిచే విషయం. సైకిలు మీద ఉన్న అమ్మాయికి అవి రెండూ ఒకటే, ఎందుకంటే వేధింపు అక్కడ ప్రాణాపాయంగా మారుతుంది. సైకిలును దాటేటప్పుడు పట్టణాల్లో కనీసం 1.5 మీటర్ల దూరం ఉంచాలని జర్మనీ 2020లో నియమం పెట్టింది. మన నియమాల్లో అంత స్పష్టమైన కొలత ఉంటే కేసు రాయించడానికి ఒక ఆధారమన్నా ఉంటుంది.

ఇక "సైకిళ్ళ వాళ్ళు అడ్డదిడ్డంగా వస్తారు" అన్న ఆరోపణ. కొంత నిజం. రాత్రిపూట లైటు లేకుండా, వెనక ఎర్ర రిఫ్లెక్టరు కూడా లేకుండా పోవడం చాలా ప్రమాదకరం. ఒకప్పుడు డైనమో లేకుండా పోతే పోలీసులు చక్రాల్లో గాలి తీసేసేవారని మా నాన్నగారి తరం వాళ్ళు చెబుతారు. గాలి తీయనక్కరలేదు గానీ, లైట్లు లేని కూలీలకు లైట్లు పంచితే ఆ వారోత్సవాల ఖర్చుకి ఒక అర్థముంటుంది. రాంగ్ సైడు రావడం కూడా తప్పే. అయితే డివైడర్లన్నీ మూసేసి, యూటర్న్ ఎక్కడో కిలోమీటరు దూరంలో పెట్టిన తర్వాత, పెడలు తొక్కి ఆ రెండు కిలోమీటర్లూ అదనంగా తిరగమని చెప్పేది ఎవరు? యాక్సిలరేటరు మీద కాలు వేసి కూర్చున్నవాళ్ళు. అంచున పోతూ ఒక్కసారిగా లోపలికి వస్తారంటారు. అంచున ఏముందో దిగి చూడాలి. ఇసుక, తారు విరిగిన గట్టు, మూత కుంగిన మ్యాన్‌హోలు, ఆపిన కార్లు, ఇడ్లీ బండి. అందుకే అంచుకి అంటుకుపోకుండా ఒక మీటరు లోపలికి, తిన్నగా తొక్కడమే క్షేమం. అలా తొక్కే ఆడపిల్లని "రోడ్డంతా నీదేనా" అని తిడతారు. తిట్టినా సరే అక్కడే తొక్కాలి.

చున్నీ విషయం ఒకటి చెప్పక తప్పదు. చున్నీ, చీరకొంగు చక్రంలో చిక్కుకుని జరిగే ప్రమాదాలు నిజం. కానీ దీనికి జవాబు బట్టల మీద ఉపన్యాసం కాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం మోటారు సైకిళ్ళ వెనక చక్రానికి, కూర్చున్నవాళ్ళ బట్టలు చిక్కుకోకుండా రక్షణ ఉండాలంటోంది. చీర కట్టుకున్న మనిషి వెనక కూర్చుంటుందని ఊహించగలిగిన చట్టం, ఆమే తొక్కుతుందని మాత్రం ఊహించలేదు. ఆడపిల్లలకు సైకిళ్ళు పంచే పథకాల టెండర్లలో చెయిను మొత్తాన్ని కప్పే కవరు, వెనక చక్రానికి గార్డు తప్పనిసరి చెయ్యమని అడగడం చిన్న కోరికే.

2023 అక్టోబరు 1న హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒకటి. పైన సోలారు పలకల కప్పు, దాని మీద 16 మెగావాట్ల విద్యుత్తు. చూడ్డానికి బాగుంది. ఎండా వానా పడకుండా తొక్కుకోవచ్చు. ఆదివారం పొద్దున్న చాలామంది ఆడవాళ్ళు అక్కడ ధైర్యంగా తొక్కుతారు, అది నాకు సంతోషమే. కానీ సైకిలు అవసరమైన మనిషి ఇల్లు ఒకచోటా, పని ఒకచోటా ఉన్నాయి. ఆ రెంటినీ ఈ ట్రాకు కలపదు. చాలామంది తమ సైకిలును కారు వెనక కట్టుకుని అక్కడికి తీసుకొస్తారు! సైకిలును రోడ్డు మీంచి తీసి ఒక పార్కులో పెట్టి, రోడ్డును మోటార్లకు పూర్తిగా అప్పగించడం పంచుకోవడం కాదు. ఆడవాళ్ళకు బస్తీ చివర ఒక "సురక్షిత ప్రదేశం" కట్టి, బజారును మగవాళ్ళకి వదిలెయ్యడం లాంటిదే ఇదీ.

దీనికి రెండో అంచు కలకత్తా. 2013లో అక్కడి పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్ళను నిషేధించారు. ట్రాఫిక్ వేగంగా కదలాలని, సైకిలిస్టుల భద్రత కోసమని కారణాలు చెప్పారు. పాలవాళ్ళు, పేపరువాళ్ళు, చిన్న సరుకులు మోసేవాళ్ళు జరిమానాలు కట్టుకున్నారు. నిరసనల తర్వాత ఆ జాబితా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ప్రమాదం తెచ్చేవాణ్ణి వదిలి, ప్రమాదానికి గురయ్యేవాళ్ళని ఇంట్లో కూర్చోమనడం మనం రోజూ వినే మాటే కదా. చీకటి పడ్డాక బయట తిరగొద్దు.

చట్టం ఏమంటోంది? 2017 మోటారు వాహనాల డ్రైవింగు నియమావళి పాదచారులు, సైకిలిస్టులు, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల భద్రత విషయంలో వాహనాలు నడిపేవాళ్ళు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని స్పష్టంగా చెబుతోంది. అంటే "ఇద్దరిదీ సమాన బాధ్యత" అన్నమాట చట్టంలోది కాదు, ఫ్లెక్సీ మీదది. 2019 సవరణతో చట్టంలో 138వ సెక్షనులో 1ఎ అనే ఉపసెక్షను చేరింది. యంత్రం లేని వాహనాలూ, పాదచారులూ రోడ్లను వాడుకోవడాన్ని క్రమబద్ధం చేస్తూ రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు చేయవచ్చని అది చెబుతోంది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమంది. అక్టోబరులో ఇంకో ఉత్తర్వులో 138(1ఎ) కింద నియమాలు రూపొందించమని రాష్ట్రాలకు ఆరు నెలల గడువు పెట్టింది. క్రమబద్ధం చెయ్యడం అనే మాటకి రెండు వైపులా పదునుంది. దానితో సైకిలుకి దారి ఇవ్వచ్చు, కలకత్తాలాగా దారి మూయనూ వచ్చు. ఆ నియమాలు రాసే గదిలో ఎవరుంటారన్నదే అసలు ప్రశ్న.

ప్రమాదం జరిగాక వచ్చే పరిహారంలో కూడా ఇదే అసమానత. ఢీకొట్టిన బండి ఏదో తెలియకపోతే చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. 2022 ఏప్రిల్‌కు ముందు ఇవి 25 వేలు, పన్నెండున్నర వేలు మాత్రమే. బండి తెలిస్తే 164వ సెక్షను కింద ఎవరి తప్పని నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు అడగవచ్చు. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియదు. అంతకు మించి కావాలంటే ట్రిబ్యునల్లో డ్రైవరు నిర్లక్ష్యం చూపించాలి. అక్కడ "సైకిలు మీద ఉన్నామె కూడా జాగ్రత్తగా లేదు" అని ఇన్సూరెన్సు కంపెనీ వాదిస్తుంది, అంత మేర కోత పడుతుంది. నెదర్లాండ్స్ చట్టం ఈ బరువుని తిరగేసింది. మోటారు బండి సైకిలును గుద్దితే మామూలుగా బండివాడిదే బాధ్యత, 14 ఏళ్ళలోపు పిల్లల విషయంలో దాదాపు పూర్తిగా. అది వాళ్ళ సంస్కృతిలే అనేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3 వేల మందికి పైగా చనిపోయారు, 400 మందికి పైగా పిల్లలు. "పిల్లల హత్యలు ఆపండి" అన్న పేరుతోనే తల్లిదండ్రులు ఉద్యమం నడిపి రోడ్లు ఆక్రమించారు. ఆ తర్వాతే సైకిలు దారులు వచ్చాయి. "ప్రమాదం" అనకుండా "హత్య" అనడం ఎంత అవసరమో వరకట్న మరణాల విషయంలో మనకు అనుభవమే.

చనిపోయింది గృహిణి అయినప్పుడు ఆమె ప్రాణానికి ధర ఎలా కట్టారో కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం పాత రెండో షెడ్యూలు సంపాదన లేని మనిషికి ఏడాదికి 15 వేలని, భార్యో భర్తో అయితే బతికున్నవారి ఆదాయంలో మూడో వంతని లెక్కించింది. ఇంటి పనిని లెక్కించాలన్న వాదన 2001 లతా వాధ్వా కేసులో, 2010 అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో మెల్లమెల్లగా ముందుకొచ్చింది. 2021 జనవరిలో కీర్తి కేసులో, ఢిల్లీలో మోటారు సైకిలు మీద వెళుతూ చనిపోయిన దంపతుల చిన్నపిల్లల పరిహారం విషయంలో, జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పు మన కార్యకర్తలందరూ చదవదగ్గది. ఇంటిపనే తమ ప్రధాన వ్యాపకమని 2011 జనాభా లెక్కల్లో చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లనీ, పురుషులు 58 లక్షలనీ, 2019 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారనీ ఆయన ఎత్తిచూపారు. మనం వ్యాసాల్లో రాసుకునే మాటలు ఒక రోడ్డు ప్రమాదం కేసులో కోర్టు మాటలయ్యాయి. అయినా కింది ట్రిబ్యునళ్ళలో గృహిణి ఆదాయం ఎంతో చెప్పేందుకు ఇప్పటికీ వకీళ్ళు తడుముకుంటూనే ఉంటారు.

మన సంఘాలు చెయ్యగల పనులు కొన్ని ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ 138(1ఎ) నియమాలు ఏ దశలో ఉన్నాయో సమాచార హక్కు కింద అడగాలి. ముసాయిదా ఉంటే అందులో "నిషేధం" అన్న మాట ఎక్కడుందో ముందు వెతకాలి. బస్తీకి కిలోమీటరున్నర లోపల బడి, అంగన్‌వాడీ, రేషను షాపు ఉన్న రోడ్ల మీద 30 కిలోమీటర్ల వేగ పరిమితి, స్పీడు బ్రేకర్లు అడగాలి. ఇందుకు కోట్లు అక్కరలేదు. ఫ్రీ లెఫ్ట్‌లు తీసేసి సిగ్నలు పెట్టమని అడిగితే ట్రాఫిక్ పోలీసులకు కోపం వస్తుంది, అయినా అడగాలి. పొదుపు సంఘాలు స్కూటీలకు అప్పులిస్తున్నట్టే సైకిళ్ళకూ ఇవ్వాలి. అడిగేవాళ్ళు లేరంటారు గానీ, వెయ్యి రూపాయల పాత సైకిలుకి వడ్డీవ్యాపారి దగ్గరికి వెళ్ళేవాళ్ళున్నారు. ప్రమాదం జరిగిన బస్తీల్లో 164వ సెక్షను గురించి చెప్పే కరపత్రం ఒకటి తెలుగులోనూ, ఉర్దూలోనూ వెయ్యాలి. గడువులూ, ఎఫ్.ఐ.ఆర్. నకలూ, ఆస్పత్రి కాగితాలూ ఎలా దాచుకోవాలో అందులో ఉండాలి. ముసాయిదా మన పని మీద మనం రాసుకుంటే, భాష సరిచూసే పనికి ఒకరిద్దరు మహిళా వకీళ్ళని ఇప్పుడే అడిగి పెట్టుకోవడం మంచిది.